కుర్చీలోంచి లేచే పరీక్ష

గైడు గారికి నమస్కారాలు.

మీ దగ్గర స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ అనే పీజీ కోర్సు చదువుతున్న జిమ్ ట్రైనర్‌కు నేను అత్తగారిని. ఈ ఉత్తరం సంగతి ఆమెకు తెలియదు.

ఆమె ప్రాజెక్టులో యాభై ఏళ్లు దాటిన ఆడవాళ్లవి రెండు జట్లు. మొదటి జట్టు పన్నెండు వారాలు బరువులెత్తాలి. రెండో జట్టు ఏ కసరత్తూ చేయకూడదు. నేను రెండో జట్టు.

నెల తిరక్కుండానే తప్పు చేశాను. మా ఇంటి ముందుగదిలో మొదటి జట్టు వాళ్లు చేసేది తలుపు సందులోంచి చూసి, వంటగదిలో నీళ్ల క్యాన్లతో నేనూ మొదలుపెట్టాను. ప్రార్థన అయ్యాక గోడ పట్టుకోకుండా లేవాలన్నదే నా ఆశ. ఇప్పుడు లేస్తున్నాను.

చెప్పేద్దామనుకున్న రోజే, చాటుగా నడకకు వెళ్తోందని మా జట్టులో ఒకావిడను కోడలు తీసేసింది. "మీరొక్కరే నా బంగారం అత్తయ్యా, చెప్పినట్టు కదలకుండా కూర్చున్నారు!" అని నవ్వింది. చెప్పడం మానుకున్నాను. ఇంకొకరు తగ్గితే మీరు ప్రాజెక్టు ఒప్పుకోరట, ఏడాది చదువూ మళ్లీ మొదటికొస్తుందట.

శుక్రవారం చివరి పరీక్ష. అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తామో లెక్కపెడుతుంది. మొదటిసారి తొమ్మిదిసార్లు లేచాను. నిన్న ఒంటరిగా చూసుకుంటే పదహారు వచ్చింది.

అయ్యా, ఆమెకు నష్టం లేకుండా నా పేరు కొట్టేసే దారి ఉంటే దయచేసి చెప్పండి. గురువారంలోగా మీ జవాబు రాకపోతే తొమ్మిదిసార్లే లేచి ఆగిపోతాను. ఆ తర్వాత ప్రార్థనకు కూర్చుంటే, దేవుడి ముందు నుంచి ఎలా లేవాలో నాకు తెలియదు.

ఇట్లు,
మీ విద్యార్థిని అత్తగారు