నీ కొట్టు బోర్డు ఫొటో

ఏమోయ్, నేనూ నా మోకాలూ ఇక్కడ కులాసా. ఫోన్లో చెబితే మధ్యలో పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

డిజైనర్ ఉద్యోగానికి చూపించాల్సిన పోర్ట్‌ఫోలియోలో ప్రతి బొమ్మ కిందా దాని కథంతా రాశాను. ఇక్కడి కోర్సులో మాకు కంప్యూటర్ నేర్పే అమ్మాయి, "బొమ్మ చూపించమంటే పురాణం విప్పారేంటి తాతగారూ!" అని కథలన్నీ కొట్టేసింది. పైగా, "చేత్తో రాసింది ఒక్కటీ లేకపోతే మీకూ కుర్రాళ్లకూ తేడా ఏముంటుంది?" అంది.

"ఉందమ్మా, మా ఆవిడ టైలరింగ్ కొట్టుకి నేను రాసిన బోర్డు" అన్నాను.

ఈ వయసులో ఉద్యోగమేంటని నవ్విన మీ తమ్ముడి చేతే దాన్ని ఫొటో తీయించి సోమవారంలోగా పంపు. రంగు వెలిసిందని ఈలోగా పెయింట్ వేయించావో, ఊరుకోను.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? కోడలికీ పిల్లలకీ ఆశీస్సులు. ఉద్యోగం రాగానే మొదటి బోర్డు నీ కొట్టుకే గీస్తాను, కథ లేకుండా.