మాచర్ల సంబంధం వాళ్ళు వచ్చేలోగా

అన్నం ఉట్టి మీద ఉంది, పక్కనే గోంగూర పచ్చడి పెట్టాను. అత్తయ్యకు నడుం పట్టేసింది, గేదెకు కుడితి మీరే పెట్టండి. ఈ చీటీ చదివి పొయ్యిలో వేయండి.

సుబ్బరత్నం పిన్నిని తోడు తీసుకుని నరసరావుపేట డాక్టరమ్మ దగ్గరకు వెళ్తున్నాను. నాకు గాలి సోకిందని అత్తయ్య తాయెత్తు కట్టించారు కదా. డాక్టరమ్మ మాత్రం పోయినసారి పరీక్ష చేసి, "నీ ఒంట్లో లోపమేం లేదమ్మా. భయానికి లోపలి కండరాలు బిగుసుకుపోతున్నాయి, అందుకే మీ ఆయన దగ్గరకొస్తే ఆ నొప్పి" అంది. మెల్లగా ఊపిరి వదులుతూ ఒళ్ళు సడలించడం నేర్పుతోంది. భయం ఎప్పుడు మొదలైందని అడిగితే చెప్పాను. మన శోభనం రాత్రి ఆడవాళ్ళు బయట గొళ్ళెం పెట్టి, "ఏమే, అరవబాక, ఊరంతా ఇంటది" అని నవ్వారు. తెల్లారాక చుట్టూ మూగి, "ఏందే, అయిందా?" అన్నారు. ఇది మీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నయం కావడానికి కొన్ని నెలలు పడుతుందట. శుక్రవారం మాచర్ల నుంచి మీకు రెండో సంబంధం మాట్లాడటానికి వస్తున్నారని రత్తమ్మత్త చెప్పింది. మీకు ఇష్టమైతే ఆ మాట మీరే నాతో చెప్పండి, ఇంకొకరితో చెప్పించకండి.

"నేనంటే అసహ్యమా నీకు?" అని అడిగి, మీరు అరుగు మీదకు మంచం మార్చుకున్నారు. అసహ్యం కాదు. ఆ రోజు ఏడుపొచ్చి చెప్పలేకపోయాను.

నాంచారమ్మ

మిమ్మల్ని కూడా ఒకసారి తీసుకురమ్మంది డాక్టరమ్మ. మీరు రారని చెప్పేశాను. "అడక్కుండానే ఎట్లా చెప్తావు?" అంది. అందుకే అడుగుతున్నాను.