వేడెక్కితే ఆగిపోయే బండి

మార్చి 3, మంగళవారం

పొద్దున కోడి బండి కింద పడుకుని ఉంది. ఇంజను పూర్తిగా చల్లారితేనే అది అక్కడికి వెళ్తుంది. బాపు మాత్రం ఇంకా నిద్రపోలేదు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

పికప్ మళ్లీ ఆగిపోయిందట. తొర్రూరు దాటాక. వెనక జనగామ పెళ్లికి వంట గిన్నెలు. ఇంకోసారి ఇట్లయితే వేరే బండి మాట్లాడుకుంటానని టెంట్‌హౌస్ ఆయన చెప్పేశాడు.

"అమ్మేస్త బిడ్డా. భూపాలపల్లి పోయి బొగ్గు లారీ తోల్త."

నాయనమ్మ వినలేదనుకున్నాను. విన్నది. అన్నం ముట్టలేదు.

మార్చి 5, గురువారం

మెకానిక్ యాకూబ్ మామ వచ్చాడు. ఫిల్టర్ మార్చాడు, రేడియేటర్ కడిగాడు. చల్లగా ఉన్నంతసేపు బాగానే నడుస్తుంది. వేడెక్కితే గుంజి గుంజి ఆగుతుంది... "గర్మీ బండి. అచ్చం మీ బాపు లెక్కనే" అన్నాడు నాతో. బాపు నవ్వలేదు.

నాకొకటి అడగాలని ఉంది. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

మార్చి 6, శుక్రవారం

అడగలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆగిన ప్రతిసారీ బాపు బానెట్ ఎత్తి, నీళ్లు పోసి, కూర్చుంటాడు. చాలాసేపు పడుతుంది. బయ్యారం దారిలో ఆగిన రోజు మాత్రం వెంటనే స్టార్టయిందట. డీజిల్ ముల్లు పనిచేయదు కాబట్టి, ఆ రోజు మూత తీసి పుల్లతో చూశాడట. డీజిల్ ఉంది. మూత పెట్టేశాడు. బండి కదిలింది.

ఇంజను చల్లారేంత సేపు ఎక్కడుంది?

మరి వేడి కాకపోతే...

మార్చి 8, ఆదివారం

ఖాళీ బండిలో తొర్రూరు దాకా. నేనే వస్తానన్నాను. బాపు ఎందుకని అడగలేదు.

ఊరు కనిపిస్తుండగా ఆగింది. ఆయన బానెట్ వైపు పోతుంటే, డీజిల్ మూత తియ్యమన్నాను. ఎప్పుడూ లేనంత గట్టిగా.

తీశాడు. టాంకు బుస్సున గాలి లోపలికి పీల్చుకుంది. తాళం తిప్పగానే స్టార్ట్.

"గిది నీకెవరు జెప్పిన్రు?"

నువ్వే, అన్నాను.

డీజిల్ తగ్గేకొద్దీ టాంకులోకి గాలి పోవడానికి మూతకు సన్నటి రంధ్రం ఉండాలి, లేకపోతే డీజిల్ ఇంజనుకు అందదు. కనిపించలేదు. దాని మీద పసుపు, కుంకుమ, మళ్లీ పసుపు... పెచ్చులు కట్టి ఉంది. నాయనమ్మ మంగళవారం మంగళవారం పెట్టే బొట్టు. బండి తినే నోరు అదే కాబట్టి అక్కడే పెట్టాలంటుంది.

బాపు నా పిన్నీసు అడిగి తీసుకున్నాడు. రోడ్డు పక్కన నిలబడి మెల్లగా గీకాడు.

"మీ నాయనమ్మకు జెప్పకు. పానం ఉసూరుమంటది."

మార్చి 9, సోమవారం

జనగామ పోయి వచ్చాడు. ఎక్కడా ఆగలేదు. భూపాలపల్లి మాట రాలేదు.

మార్చి 10, మంగళవారం

నాయనమ్మ పసుపు తడిపింది. తన బొట్టే బండిని నిలబెట్టిందని పక్కింటామెతో చెబుతోంది. బాపు నా వైపు చూశాడు.

ఈసారి ముందు అద్దానికి పెట్టు, అన్నాను. మూతకు వద్దా అని అడగలేదు ఆమె. "అద్దం ఏ దిక్కున్నది బిడ్డా?" అని చెయ్యి చాపింది.

పోయిన ఏడాది నుంచి నాయనమ్మకు కళ్లు కనిపించవు. బండి పొడవునా తడుముకుంటూ పోతే వేళ్లకు గుర్తు దొరికేది ఆ మూత ఒక్కటే.