గురువారం పూడ్చబోయే బావి

ధర్మపురి,
9 డిసెంబరు 2005, శుక్రవారం.

తమ్ముడు జయప్రకాశ్‌కు,

నువ్వు పిరికివాడివి. బతికున్న ప్రాణులను మట్టితో కప్పడానికి యంత్రాన్ని మాట్లాడుకున్న పిరికివాడివి. చెప్పాల్సింది చెప్పేశాను కనుక ఇక మర్యాదగా అడుగుతాను. అందరూ కులాసానా? దేవిప్రియ లేచి తిరుగుతోందా? నీ కూతురు శాలిని అర్ధసంవత్సరం పరీక్షలకు చదువుతోందా? నేనిక్కడ కులాసా. అలా రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను.

ఫోన్ చేస్తే దేవిప్రియ తీసి, ఆయన తోటలో ఉన్నారంటుంది. పొద్దున చేసినా తోటే, వానలో చేసినా తోటే. ఈ తమిళనాట తమిళంలో ఉత్తరం రాస్తే ఇంటిల్లిపాదీ చదువుతారు. నాన్న చెవి మెలిపెట్టి నేర్పిన ఈ తెలుగు అక్షరాలు చదవగలవాళ్లం మన ఇంటికి ఇక నువ్వూ నేనే. కాబట్టి ఇది నీకొక్కడికే.

మన మేనత్త పుట్టమ్మ మొన్న కళ్లు చూపించుకోవడానికి వచ్చి, నా గదిలో మంచం మీద కూర్చుని చెప్పింది. “ఏమ్మా ఉషా, నీ తమ్ముడు బావి మూసేదానికి జేసీబీని రమ్మన్నాడు. గురువారం మంచి దినమంట. జోస్యం చెప్పేవాడు చెప్పినాడు” అంది. నీళ్లున్న బావిని మూస్తాడా అని అడిగాను. “నీళ్లకేం, బోరు ఏసినారు గదా. తాంబేలు తిరిగిన బావి వొద్దంటాడు” అంది.

కార్తీకంలో వాన కొట్టి, ఎన్నో ఏళ్లకు మన బావి అంచుదాకా నిండింది. తాత కాలంలో నీళ్లు శుభ్రంగా ఉండాలని వదిలిన తాబేలు, గట్టు అందగానే పైకి వచ్చింది. కొట్టం దాటి వంటింట్లోకి నడిచింది. ఆ వారమే దేవిప్రియ కడుపులో బిడ్డ పోయింది. తాబేలు దూరిన ఇల్లు పాడవుతుందని ఎవడో అన్నాడు. దాన్ని తొప్పూరు కనుమ అవతల పారేయమన్నావు. అది చాలక ఇప్పుడు బావినే చంపుతానంటున్నావు.

ఆ బిడ్డ కోసం నేనూ ఏడ్చాను. ఏడవడానికి నన్నెవరూ పిలవలేదు గనుక ఇక్కడే ఏడ్చాను. కానీ ఒక్కటి అడుగుతాను. దేవిప్రియకు రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది కదా. పాలకోడు మండీకి టమోటా తోలే హడావుడిలో వాటిని కొనడం మరిచింది తాబేలా?

నేను బడిలో పిల్లలకు వెన్నెముక ఉన్న జంతువులు అయిదు తరగతులని చెబుతాను. బొమ్మలు గీయను. మన బావిని చెబుతాను. అడుగున కొర్రమీను. అది నోరు పైకెత్తి గాలి మింగుతుంది. నీళ్లు చెడినా బతకడానికి దాని తాతలు కనిపెట్టుకున్న ఉపాయం. మెట్ల మీద కప్ప. నీళ్లలో తోకతో పుట్టి కాళ్లతో నేలకెక్కుతుంది. కోట్ల ఏళ్ల నాటి ప్రయాణాన్ని మన మెట్ల మీద ప్రతి వానకాలం మళ్లీ చేసి చూపిస్తుంది. నీళ్లపాము, తాబేలు ఒక జట్టు. పైన తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు, రాళ్ల సందుల్లో గబ్బిలాలు. అన్నిటికీ వీపులో ఉన్నది నీ వీపులో ఉన్న ఎముకల వరసే. నీది మాత్రం జోస్యుడి ముందు వంగుతుంది.

తాబేలు సంగతి విను. దాని పక్కటెముకలే వెడల్పై, అతుక్కుని డిప్ప అయ్యాయి. భుజాల ఎముకలు ఆ ఎముకల గూటి లోపల ఉంటాయి. వెన్నెముక ఉన్న మరే ప్రాణికీ అలా లేదు. రాక్షసబల్లులు పోయిన నాటి ఉత్పాతాన్ని దాని వంశం దాటింది. ఎవరినీ తరమలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. తన ఇల్లు తను మోసుకు తిరిగింది. అలాంటిది ఒక వంటింటి గడప దాటినందుకు నేరస్థురాలైంది.

ఈ లెక్క నాకు కొత్త కాదు. అత్తగారి ఊరు బొమ్మిడి నుంచి నేను మొగుణ్ని వదిలి పెట్టెతో వచ్చిన నెలలోనే నాన్న పోయాడు. ఆయన గుండె జబ్బు ఊరందరికీ తెలుసు. అయినా నన్ను చూస్తే మీరంతా మాట మార్చేవారు. ఇప్పుడు నేనొచ్చినా కాఫీ బయట అరుగు మీదే ఇస్తారు. నువ్వు నన్ను పొమ్మనలేదు. ధర్మపురిలో గది చూసి, మొదటి నెల బాడుగ కట్టి, బస్సెక్కించావు. నువ్వు ఏ పనైనా అంత మెత్తగా చేస్తావు. నేను మూఢనమ్మకాల మీద కరపత్రాలు రాసి ఊరంతటితో పోట్లాడతానని అంటావు కదా. ఇంట్లో పోట్లాడటానికి ఒక మనిషి ఉంటే కరపత్రాలు కొన్ని తగ్గేవేమో.

బావి పూడ్చితే పోయిన బిడ్డ రాదు. బతికున్నవి పోతాయి. ఆ పని నీ చేత్తో జరగకూడదు.

నీ అక్క,
ఉష

తా.క. తాబేలు తొప్పూరు అవతల లేదు, నా దగ్గరుంది. నువ్వు లారీలో వేయమన్న రోజే పుట్టమ్మత్త దాన్ని సంచిలో పెట్టుకుని, పైన వంకాయలు పరిచి, బస్సులో తెచ్చింది. “నువ్వే పెట్టుకో. ఈ ఇంట్లో చెడిపోయేదానికి ఎవురుండారు, నువ్వొకతేవే గదా” అంది, నవ్వుతూనే. తాబేలును ఇంట్లో పెంచుకోవడం చట్టం ఒప్పదని తెలుసు. అయినా నీళ్లతొట్టిలో ఉంచాను. సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపల నీళ్లు కదులుతాయి. ఈ గదిలో నా రాకను విన్న మొదటి ప్రాణి అది. అందుకే ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. కానీ తొట్టి దాని ఇల్లు కాదు. నా కోరికలు ఇవి:

జేసీబీని వెంటనే వద్దని చెప్పు.

బావికి చుట్టుగోడ కట్టించు.

దేవిప్రియకు మాత్రలు కొను. రోజూ వేసుకుందా అని నువ్వే అడుగు.

పద్దెనిమిదో తేదీ ఆదివారం తాబేలుతో వస్తాను. బస్సు దగ్గరికి నువ్వే రా, మనిషిని పంపకు.

దాన్ని నీళ్లలోకి వదిలేటప్పుడు శాలిని నా పక్కన నిలబడాలి.

ఆ తరువాత నాకు కాఫీ ఇంటి లోపల ఇవ్వాలి.