తాగినట్టు రాసిన నీళ్లు

1998 జూలై 6
హిందూపురం, సర్జికల్ వార్డు. నర్సింగ్ మూడో సంవత్సరం కేర్ స్టడీకి, అంటే ఒక్క రోగిని దగ్గరుండి చూసుకుని రాసే రికార్డుకి, నాకో ముసలి పేషెంటు దొరికింది. "దొరికింది" అని రాశాను, చూడు నా బుద్ధి... ఓబులమ్మవ్వ. పెనుకొండ దగ్గర పల్లె. గడప దాటుతూ పడి తుంటి విరిగింది. ఆపరేషనై రెండో రోజు.
సిద్ధాంతం ఎంచుకున్నాను — స్వీయ సంరక్షణ. రోగి చేసుకోగలిగింది రోగే చేసుకోవాలి, చేసుకోలేనిది నర్సు చేయాలి. ట్యూటర్ మేడంకు బాగా నచ్చింది.

జూలై 7
సెలైను తీసేశారు, మూత్రం ట్యూబు కూడా. చెంబూ గ్లాసూ మంచం పక్కన చేతికందేలా పెట్టాను. తానే పట్టుకుని తాగింది, వణుకుతూ. "స్వతంత్రంగా తాగుతోంది" — కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాను.
పదకొండప్పుడు బెడ్‌పాన్ అడిగింది. నేను థియరీ పేజీ రాసుకుంటున్నాను. ఉండవ్వా, ఇది అయిపోనీ అన్నాను. పోయేసరికి పక్కంతా తడిసింది. ఆయా వార్డంతా వినేలా తిట్టింది. అవ్వ కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అవ్వ కొంగు మొహం మీదికి లాక్కుంది. దుప్పటి మార్చాను. తప్పు నాదేనని మాత్రం అనలేదు.

జూలై 8
అవ్వ ఇక బెడ్‌పాన్‌కు పిలవడం లేదు. నీళ్లు తాగావా అంటే "తాగినా పాపా" అంటుంది. గ్లాసు ఖాళీ. ఒంటికి పోశావా అంటే ఆయా బెడ్‌పాన్ పెట్టింది అంటుంది. చార్టులో తాగిన నీళ్లు, పోసిన మూత్రం, రెండు గళ్లూ నింపాను. కొలవలేదు.

జూలై 9
ఈ రోజు గళ్లు పొద్దున్నే నింపేసి ధర్మవరం రైలెక్కాను. అక్క మగ్గం దగ్గర్నుంచి లేవకుండానే అడిగింది, ఉద్యోగం ఎప్పుడని. ఇంకెంత, పరీక్ష అయితే చాలన్నాను.

జూలై 10
అవ్వ నన్ను గుర్తుపట్టలేదు. దుప్పటి పీకుతోంది, లేని గొర్రెల్ని అదిలిస్తోంది. నాలుక ఎండి పగిలింది. డాక్టరు నా చార్టు తిరగేసి, నీళ్లు బాగానే తాగుతోంది కదా, వయసు ప్రభావం అనేశారు. నేను చార్టు తీసుకుని మళ్లీ మంచానికి తగిలించాను.
ఆయన పోయాక పక్క మంచం రామక్క పిలిచింది. "ఆ అవ్వ యాడ తాగుతాండాది? నువ్వు అట్ల పోతానే మంచం పక్క కిటికీలోంచి పారబోస్తాది. మళ్లీ పక్క తడిస్తే ఆ పాప మొగమెట్ల చూసేది అనింది."
ఆ పాప నేనే.
సిద్ధాంతంలో మొదటి సగం అవ్వ పని, రెండో సగం నా పని. అవ్వకు చేతగానిది ఒక్కటే, దానికే నేను ఉండమన్నాను. సిగ్గుగా ఉంది. ఏడుపు కూడా రావడం లేదు.

జూలై 11
మేడంకు అంతా చెప్పాను. సెలైను తాను పెట్టిస్తానంది. "చార్టు మాత్రం ముట్టుకోవద్దు. దాని మీద నా సంతకం ఉండాది." నా స్టడీని జూనియర్లకు నమూనాగా చూపిస్తుందట, మంచి అక్షరాలతో ఇంకో కాపీ రాసివ్వాలి.
అసహ్యం వేసింది. ఆమె మీద కొంచెం, నా మీద చాలా. ఎందుకంటే ఆ మాట విన్నాక హాయిగా అన్నం తిన్నాను.

జూలై 12
సెలైను ఎక్కుతోంది. మూత్రం చుక్క లేదు.

జూలై 13
అవ్వను అనంతపురం పెద్దాసుపత్రికి పంపించేస్తున్నారు. కేసు షీటుతో పాటు నా చార్టూ పోతోంది. అక్కడి డాక్టర్లు దాన్నే చదువుతారు, దాన్నే నమ్ముతారు.
అవ్వను జీపులో పడుకోబెట్టారు. కళ్లు తెరవలేదు. కొడుకు ఆ కాగితాలు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.
"మాయమ్మను మనిషి మాదిరి చూసింది నువ్వొక్కదానివే సిస్టరమ్మా. నీ పేరేమి? ఊర్లో చెప్పుకుంటాం."
ఆ కాగితాల్లో ఉన్నది అబద్ధమని ఒక్క మాట అంటే చాలు. జీపు ఇంకా స్టార్టు కాలేదు. మేడం వరండాలోంచి చూస్తోంది.
పేరు చెప్పాను.