ఎనభైకి దించని మిషను

అంతర్వేదిలో ఉన్న నరసింహమూర్తి గారికి, రాజోలు వెల్డింగు షాపు నుంచి నమస్కారాలు.

ఫోను చేస్తే మీరు "ఆయ్, పర్లేదులెండి" అని పెట్టేస్తారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మీ పడవ ఇంజను హెడ్డు నేను అతికిన వారానికే మళ్లీ పగిలింది. మీ ఇంటికొచ్చి చూసి, మీ తమ్ముడు వీర్రాజు ఇంజను చల్లబరిచే నీళ్లు చూసుకోకుండా ఇంజను నడిపేడని చెప్పేను. అది అబద్ధమండీ. పగులు నా అతుకు అంచునే పట్టుకుని పోయింది. చూడగానే నాకు తెలిసిపోయింది.

మీ హెడ్డు అతికిన రోజు, అంతకుముందే ఒక గేటు అతికేను. వెల్డింగు మిషను నూట ఇరవై ఆంపుల కరెంటు మీదే ఉంది. మీ హెడ్డు లాంటి పోత ఇనుముకి వాడే నికెలు రాడ్డుకి ఎనభైకి దించాలి. అంగుళం అతికి, సుత్తితో తట్టి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారేకే మరో అంగుళం అతకాలి. రాడ్ల పెట్టె మీద ఆంపులు రాసే ఉన్నాయి. నేను దించలేదు, ఆగలేదు. ఆ వేడికే అతుకు అంచున పగిలింది. మీరు తొందరపెట్టేరని రాద్దామనుకున్నాను. మీరేం తొందరపెట్టలేదు.

వీర్రాజుని పడవ ఎక్కనివ్వడం లేదని నిన్న తెలిసింది. ముందు ఈ ఉత్తరం అతనికి చదివి వినిపించండి. హెడ్డు సంగతి తరవాత. నాకే ఇస్తారో, వేరే చోట ఇస్తారో మీ ఇష్టం.

మీ ఇంట్లో నేను ఆ అబద్ధం చెప్పేక వీర్రాజు లోపలికెళ్లి నాకు టీ తెచ్చి ఇచ్చేడు. నేను తాగేసి వచ్చేనండీ.