కరెంటు పోయిన కాసేపు

తమ్ముడూ,

నువ్వు పంపిన బిల్లింగ్ మెషిన్ బాగానే పనిచేస్తోంది. కొట్లో ఎవరూ నిలబడి విసుక్కోవడం లేదు. ఏ సరుకు అయిపోవస్తోందో ముందే చెబుతోంది. నీ వెంటపడి మరీ పెట్టించుకున్నదాన్ని, ఇప్పుడు ఎవరిననగలను?

మెషిన్ దగ్గర నేనే కూర్చుంటున్నాను. ఇదివరకు అందరినీ పలకరిస్తూ నోటిలెక్కతోనే బిల్లు చెప్పేసే మీ బావగారు పొద్దస్తమానం నోరు మెదపడం లేదు. అడిగితే, "నాతో పనేముంది?" అంటారు.

నిన్న కరెంటు పోయింది. ఆయన లేచొచ్చి గడగడా లెక్క కట్టేశారు. "మీ గొంతు విని ఎన్నాళ్లయిందండీ," అంది పక్కకొట్టు టైలరమ్మ. ఆయన నవ్వారు. అంతలోనే కరెంటొచ్చింది. వెళ్లి మళ్లీ మూల స్టూలు మీద కూర్చున్నారు.

కరెంటు పోయినా మెషిన్ ఆగకుండా బ్యాటరీ పంపిస్తానన్నావు. తొందరేం లేదురా.

మీ అక్క